సాయం గంటల దూరంలో ఉన్నప్పుడు: అడవిలో, కొండల్లో, మంచులో అత్యవసర వైద్యం ఏ వరుసలో చేయాలి?

దూర ప్రయాణాలకు వెళ్లేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "కిట్‌లో ఏ మందులు పెట్టుకోవాలి?" జవాబు కింద ఉంది. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్నది. రోడ్డు పక్కన ప్రమాదమైతే అంబులెన్స్ వచ్చేదాకా ప్రాణం నిలబెడితే చాలు. మారుమూల చోట ఆ "వచ్చేదాకా" ఆరు గంటలు కావచ్చు, రెండు రాత్రులు కావచ్చు. అంతసేపూ రోగి మీ చేతుల్లోనే ఉంటారు. గాయం ఎంత పెద్దదన్నది ఒక ఎత్తయితే, ఆ గంటల్లో వాళ్లు ఎంత చల్లబడ్డారు, ఎంత నీరసించారు, మీరు నిర్ణయం ఎంత ఆలస్యం చేశారు అన్నవి మరో ఎత్తు.

చదివి గుర్తుపెట్టుకుంటే సరిపోదు. రెండు రోజుల వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ శిక్షణ తీసుకోండి. ఈ వ్యాసాన్ని దానికి తోడుగా వాడుకోండి.

## 1. బయల్దేరే ముందు చేయాల్సినవి

మొదట మనుషుల సంగతి. బృందంలో ఎవరికి ఆస్తమా ఉంది, ఎవరికి షుగర్ ఉంది, ఎవరికి ఏ మందు పడదు, రోజూ ఏ మాత్రలు వేసుకుంటారు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి: ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరి దగ్గర ఉంచండి. స్పృహ తప్పినవాళ్లను అడగలేం.

తర్వాత, వెనక ఉండే మనిషికి మీ దారి, తిరిగొచ్చే సమయం చెప్పండి. "ఫలానా గంటకల్లా నా నుంచి కబురు రాకపోతే రెస్క్యూకి ఫోన్ చెయ్యి" అని స్పష్టంగా, గడియారం టైమ్‌తో సహా చెప్పండి.

మొబైల్ సిగ్నల్ మీద భరోసా పెట్టుకోకండి. శాటిలైట్ మెసెంజర్ (ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరం) గానీ, 406 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే పర్సనల్ లొకేటర్ బీకన్ (మీరున్న చోటును రెస్క్యూకి తెలిపే పరికరం) గానీ బృందానికి ఒకటైనా ఉండాలి. చలిలో బ్యాటరీలు తొందరగా పడిపోతాయి కాబట్టి వాటిని బ్యాగులో కాకుండా లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి.

కిట్ చెక్‌లిస్ట్:

- నైట్రైల్ గ్లవ్స్, కత్తెర, గట్టి టేపు, హెడ్‌ల్యాంప్
- అసలైన టూర్నికేట్ ఒకటైనా (రక్తం ఆపడానికి చెయ్యికో కాలికో బిగించే పట్టీ)
- గాజ్ రోల్స్, ప్రెజర్ బ్యాండేజీలు, త్రికోణపు గుడ్డలు
- గాయం కడగడానికి పెద్ద సిరంజి
- వంచగలిగే అల్యూమినియం స్ప్లింట్ (విరిగిన ఎముక కదలకుండా కట్టే బద్ద)
- సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి, నోటి ద్వారా శ్వాస ఇవ్వడం) మాస్క్, థర్మామీటర్
- ఫోమ్ మ్యాట్, టార్పాలిన్ లేదా బివీ బ్యాగ్ (మనిషి లోపల దూరే వాటర్‌ప్రూఫ్ సంచి)
- ఓఆర్‌ఎస్, గ్లూకోజ్, పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, అలర్జీ మాత్రలు
- డాక్టరు రాసిచ్చిన ప్రత్యేక మందులు: ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ (తీవ్రమైన అలర్జీకి), ఎత్తు ప్రదేశాల మందులు
- తడవని నోట్‌బుక్, పెన్సిల్ (చలికి పెన్ను రాయదు)

కిట్ కొనేటప్పుడు చేసే తప్పులకంటే సర్దేటప్పుడు చేసేవే ఎక్కువ. టూర్నికేట్ ప్లాస్టిక్ కవర్‌లోనే ఉండిపోతుంది, కిట్ బ్యాగు అట్టడుగుకు పోతుంది, ఏది ఎక్కడుందో ఒక్కరికే తెలుస్తుంది. ఆ ఒక్కరే పడిపోతే? ఇంట్లో లైట్లు ఆర్పి, గ్లవ్స్ తొడుక్కుని, అందరూ ఒకసారి టూర్నికేట్ తీసి కట్టి చూడండి. చేతులకు అలవాటు లేని పని టెన్షన్‌లో చేయలేం.

## 2. మొదటి నిమిషం: ఆగండి

కేక వినగానే పరిగెత్తాలనిపిస్తుంది. ఆగండి. పైనుంచి రాళ్లు ఇంకా పడుతున్నాయా? వాలు మీద మంచు కదులుతోందా? నీటి వేగం ఎంత? కాటేసిన పాము అక్కడే ఉందా? మీకు కూడా దెబ్బ తగిలితే ఇద్దరు రోగులవుతారు, సాయం చేసేవాళ్లు ఒకరు తగ్గుతారు.

దగ్గరికి వెళ్లేలోపే ఇవి తేల్చుకోండి:

- చోటు సురక్షితమేనా? కాకపోతే ముందు రోగిని అక్కణ్నుంచి తప్పించాలి.
- ఎంతమందికి దెబ్బలు తగిలాయి?
- అసలేం జరిగింది? ఎంత ఎత్తు నుంచి పడ్డారు?
- గ్లవ్స్ వేసుకున్నారా?
- నడిపించేది ఎవరు, రాసేది ఎవరు?

చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. ఒకరు చెప్పాలి, మిగతావాళ్లు చేయాలి. నలుగురు నాలుగు రకాలుగా అరుస్తుంటే ఏ పనీ పూర్తి కాదు.

## 3. ప్రాణం తీసేవాటిని ముందు ఆపండి

వరుస ఇది: ధారగా కారే రక్తం, గాలి వెళ్లే దారి, ఊపిరి, నాడి, ఆ వెంటనే చలి. వంకర తిరిగిన కాలు ఎంత భయంకరంగా కనిపించినా దాని వంతు వచ్చేదాకా ఆగాలి.

రక్తం. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి, మోచేతులు నిటారుగా ఉంచి, ఒంటి బరువంతా అరచేతి కింది గట్టి భాగం మీద వేసి నొక్కండి. గడియారం చూసుకుని పది నిమిషాలు. మధ్యలో "ఆగిందా?" అని ఎత్తి చూడకండి. ఎత్తిన ప్రతిసారీ అప్పుడే కడుతున్న గడ్డ ఊడిపోతుంది. గాయం లోతుగా ఉంటే, ముఖ్యంగా గజ్జల్లో, చంకలో, గాజ్‌ను వేలితో లోపలికంటా కూరి, నిండిన తర్వాత పైనుంచి నొక్కండి. ఛాతీలో, పొట్టలో మాత్రం ఇలా కూరకూడదు.

చెయ్యి, కాలు నుంచి రక్తం ఎగజిమ్ముతున్నా, నొక్కినా ఆగకపోయినా టూర్నికేట్ వాడండి. గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్లు పైన, కీలు మీద కాకుండా కట్టి, రక్తం పూర్తిగా ఆగేదాకా దానికున్న కడ్డీని తిప్పండి. చాలా నొప్పి పుడుతుంది, రోగి వద్దంటారు, అయినా బిగించాలి. సగం బిగిస్తే నష్టమే: లోపలికి వచ్చే రక్తం ఆగదు, వెనక్కి వెళ్లేది ఆగుతుంది, దాంతో గాయం మరింత కారుతుంది. ఒకటి చాలకపోతే దాని పైన ఇంకొకటి కట్టండి. కట్టిన సమయం నుదుటి మీదో, పట్టీ మీదో రాయండి. దుప్పటి కింద దాచేయకండి. రెండు గంటల లోపు ఆస్పత్రికి చేరితే మంచిది. దాటిపోతోందని భయపడి మీ అంతట మీరు విప్పకండి. ఆ నిర్ణయం శిక్షణ ఉన్నవాళ్లది.

గాలిదారి, ఊపిరి. స్పృహ లేకపోతే గడ్డం పైకెత్తి నోరు చూడండి. పది సెకన్లు ఛాతీ కదలికను గమనించండి. ఊపిరి మామూలుగా ఉండి స్పృహ లేనివాళ్లను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాంతి వస్తే బయటికి పోతుంది. ఛాతీకి రంధ్రం పడితే గాలి చొరబడకుండా బిగించి అతికించకండి. లోపల గాలి పేరుకుపోతుంది.

గుండె. ఊపిరి మామూలుగా లేకపోతే సీపీఆర్: 30 నొక్కులు, 2 శ్వాసలు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. సాయం దగ్గరలో లేని చోట 30 నిమిషాలు సరిగ్గా చేసినా ప్రాణం తిరిగి రాకపోతే ఆపవచ్చు. చలికి ఒళ్లు బాగా చల్లబడినవాళ్లు, చల్లటి నీళ్లలో మునిగినవాళ్లు, పిడుగు పడినవాళ్ల విషయంలో మాత్రం ఈ లెక్క పనికిరాదు. ఇంకా ఎక్కువసేపు చేయాలి.

## 4. పైన కప్పే ముందు కింద పరవండి

ఈ విభాగాన్ని రెండుసార్లు చదవండి. పడిపోయిన మనిషిని చూడగానే అందరూ జాకెట్లు తీసి పైన కప్పుతారు. కింద మాత్రం తడి నేలో, రాయో, మంచో ఉంటుంది. ఒంట్లో వేడి అటు నుంచి లాగేసుకుంటూనే ఉంటుంది. పైన మూడు దుప్పట్లున్నా కింద ఏమీ లేకపోతే రోగి చల్లబడతారు. అందులోనూ రక్తం పోయినవాళ్లకు ఇది మరీ ప్రమాదం. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది. అందుకే చలి నుంచి కాపాడటం కూడా రక్తం ఆపడంలో భాగమే అంటాను. వేసవి రాత్రి అయినా, కదలకుండా పడుకున్న రోగికి ఇదే వర్తిస్తుంది.

చుట్టే వరుస, కింద నుంచి పైకి:

1. టార్పాలిన్‌ను ఒక మూల తల వైపు, ఎదురు మూల పాదాల వైపు వచ్చేలా పరవండి.
2. దాని మీద ఫోమ్ మ్యాట్. రెండుంటే రెండూ వేయండి. లేకపోతే ఖాళీ బ్యాగులు, తాళ్ల చుట్టలు, ఎండిన ఆకులు మందంగా.
3. మ్యాట్ మీద జిప్పు తీసిన స్లీపింగ్ బ్యాగ్.
4. రోగిని పక్కకు తిప్పి, ఈ పొరలను వీపు కిందకు జరిపి, మెల్లగా వెనక్కి దించండి. ఈ తిప్పినప్పుడే వీపు కూడా పరీక్షించండి. మళ్లీ మళ్లీ తిప్పే పని ఉండదు.
5. తడి బట్టలు: గాలి తగలని చోటు దొరికితే కత్తిరించి తీసేయండి. గాలిలో ఉంటే తీయకండి. ఆ బట్టల పైనే ప్లాస్టిక్ పొర చుట్టి, దాని మీద వెచ్చటి పొరలు వేయండి.
6. వేడినీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి ఛాతీ మీద, చంకల్లో పెట్టండి. చర్మానికి నేరుగా తగలకూడదు.
7. తలకు టోపీ. స్లీపింగ్ బ్యాగ్ మూసి, టార్పాలిన్‌ను పాదాల దగ్గర మడిచి, రెండు వైపులా చుట్టండి. ముఖం బయటే ఉండాలి. నాడి చూడటానికి ఒక చేతిని అందేలా ఉంచండి.

వేడి సీసాల కింద చర్మాన్ని తరచూ చూస్తుండండి. చలికి మొద్దుబారిన చర్మం కాలుతున్నా రోగికి తెలియదు.

హైపోథెర్మియా ఎంత ముదిరిందో ఎలా తెలుసుకోవాలి? ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే హైపోథెర్మియా. 32 దాకా తేలికది, 32 నుంచి 28 మధ్యస్థం, 28 లోపు తీవ్రం. మామూలు థర్మామీటర్ అక్కడ సరిగా చూపించదు కాబట్టి మనిషిని చూడండి. వణుకుతూ సరిగా మాట్లాడుతుంటే తేలిక. మాట ముద్దగా వస్తూ, తడబడుతూ, వణుకు తగ్గిపోతూ ఉంటే ముదిరిందని అర్థం. వణుకు ఆగింది కదా, తేరుకున్నారు అనుకోవడం ఇక్కడ జరిగే ఘోరమైన తప్పు.

తేలికగా ఉన్నవాళ్లకు, మింగగలిగితే, వెచ్చటి తియ్యటి పానీయం ఇవ్వండి. వెచ్చబడిన తర్వాత కూడా కనీసం అరగంట నడిపించకండి. ముదిరినవాళ్లను గాజు వస్తువును పట్టుకున్నంత జాగ్రత్తగా, అడ్డంగా పడుకోబెట్టే కదపండి. చల్లబడిన గుండె చిన్న కుదుపుకు కూడా లయ తప్పుతుంది. కాళ్లూ చేతులూ రుద్దకండి. మద్యం అసలే వద్దు. చర్మం వెచ్చగా అనిపించినా లోపలి వేడి బయటికి పోతుంది.

నాడి దొరకలేదని తొందరపడి చనిపోయారనుకోకండి. చలిలో నాడి చాలా నెమ్మదిగా, బలహీనంగా ఉంటుంది. నిమిషం దాకా వెతకండి. 1999లో నార్వేలో అన్నా బోగెన్‌హోమ్ అనే డాక్టరు స్కీయింగ్ చేస్తూ మంచు పలక కింద నీళ్లలో చిక్కుకుపోయారు. ఆస్పత్రిలో ఆమె శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలు. గుండె ఆగిపోయిన స్థితి నుంచి ఆమె బతికి, మళ్లీ డాక్టరుగా పనిచేశారు.

మంచుకాటు. వేళ్లు తెల్లగా, చెక్కలా గట్టిపడితే మంచుతో గానీ చేత్తో గానీ రుద్దవద్దు, నిప్పుకు కాచవద్దు. మళ్లీ గడ్డకట్టే అవకాశం లేదని గట్టిగా తెలిస్తేనే 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో, చర్మం మెత్తబడి ఎర్రబడేదాకా, సుమారు అరగంట ఉంచండి. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకడితే నష్టం రెట్టింపు. ఆ ప్రమాదం ఉంటే గడ్డకట్టిన పాదంతోనే కిందికి నడవడం మేలు. పొక్కులు చిదమకండి.

## 5. తల నుంచి పాదాల దాకా చూడండి, రాయండి

ప్రాణాపాయం తప్పాక నిదానంగా ఒళ్లంతా తడిమి చూడాలి. తల, మెడ, భుజాలు, ఛాతీ, పొట్ట, కటి, కాళ్లు, చేతులు, వీపు. చేతిని వీపు కింద కొంచెం జరిపి బయటికి తీసి, హెడ్‌ల్యాంప్ వెలుతురులో గ్లవ్ చూడండి, మళ్లీ కొంచెం కిందకు జరిపి చూడండి. నల్లటి జాకెట్ రక్తాన్ని పీల్చుకుంటుంది, కంటికి కనిపించదు. గ్లవ్ మీద ఎర్రగా అంటుతుంది.

తర్వాత అడగాల్సినవి: ఎక్కడ నొప్పి, ఏ అలర్జీలు, ఏ మందులు, పాత జబ్బులు, చివరగా ఎప్పుడు తిన్నారు, తాగారు, పడేముందు ఏమైంది. ఈ చివరిదాన్ని మర్చిపోకండి. కళ్లు తిరిగి పడిన మనిషికీ, కాలు జారి పడిన మనిషికీ వైద్యం వేరు.

ఇక కాగితం. మారుమూల చోట పెన్సిల్ కూడా ఒక వైద్య పరికరమే. పెద్దవాళ్లకు విశ్రాంతిలో నాడి నిమిషానికి 60 నుంచి 100, ఊపిరి 12 నుంచి 20 ఉండాలి. ఒక్కసారి చూసిన అంకె పెద్దగా ఏమీ చెప్పదు. వరుసగా రాస్తే చెబుతుంది. ఇలా:

- 4:10: నాడి 96, ఊపిరి 18, మాట్లాడుతున్నారు, చర్మం వెచ్చగా
- 4:25: నాడి 108, ఊపిరి 20, మాట్లాడుతున్నారు, చర్మం చల్లగా
- 4:40: నాడి 122, ఊపిరి 26, అయోమయం, చర్మం పాలిపోయి చెమటగా

బయట చుక్క రక్తం కనిపించకపోయినా ఈ మూడు వరుసలు లోపల రక్తం పోతోందేమో అని హెచ్చరిస్తున్నాయి. రోగి నిలకడగా ఉంటే 15 నిమిషాలకోసారి, బాగా లేకపోతే 5 నిమిషాలకోసారి రాయండి.

మెడ, వెన్నెముక. పూర్తి మెలకువలో ఉండి, మత్తులో లేకుండా, మెడ ఎముకల మీద నొక్కితే నొప్పి లేకుండా, తిమ్మిరి, బలహీనత లేకుండా, దృష్టి మళ్లించేంత పెద్ద గాయం వేరే చోట లేకుండా ఉంటే మెడను కదలకుండా బంధించాల్సిన పని సాధారణంగా ఉండదు. ఇందులో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా తల, మెడ, నడుము ఒకే గీతలో ఉండేలా అందరూ కలిసి తిప్పండి.

## 6. గాయాలు, విరిగిన ఎముకలు

రక్తం ఆగాక ఇన్ఫెక్షన్ సంగతి. దీనికి యాంటిసెప్టిక్ కంటే నీళ్లు ముఖ్యం. తాగడానికి పనికొచ్చే నీళ్లు గాయానికీ పనికొస్తాయి. సిరంజితో గట్టిగా చిమ్ముతూ, కనీసం అర లీటరు, మురికి ఎక్కువుంటే లీటరు పైన వాడండి. మిగిలిన మట్టిని ట్వీజర్‌తో తీయండి. మురికి గాయాన్ని కుట్టకండి, జిగురుతో మూయకండి. తడి గాజ్‌తో నింపి, పైన పొడి కట్టు కట్టి, రోజూ మార్చండి. కుక్క, కోతి, గబ్బిలం కరిచినా గీరినా సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం వెంటనే బయల్దేరండి. చిన్న గీత కదా అని ప్రయాణం కొనసాగించవద్దు.

విరిగిన ఎముకకు స్ప్లింట్ కట్టే వరుస:

1. కట్టే ముందు గాయానికి కింది భాగంలో మూడు చూడండి: వేళ్లు వెచ్చగా, రంగుతో ఉన్నాయా, తాకితే తెలుస్తోందా, కదిలించగలరా.
2. ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయండి. వాచాక రావు.
3. బాగా వంకరగా ఉండి కింద నాడి అందకపోతే, ఎముక గీత వెంట మెల్లగా లాగుతూ సరిచేయండి. నొప్పి విపరీతంగా పెరిగినా, అడ్డు తగిలినా ఆపేసి ఉన్నట్టే కట్టండి.
4. ఎముక విరిగితే పై కీలు, కింది కీలు రెండూ కదలకుండా కట్టాలి.
5. ఖాళీలన్నీ మెత్తటి బట్టతో నింపండి.
6. కట్టాక ఆ మూడూ మళ్లీ చూడండి. గంట తర్వాత మళ్లీ. వేళ్ల కొసలు బయటికే ఉండాలి.

కట్టే వాళ్లలో ఎక్కువమంది బాగానే కడతారు, తర్వాత చూడటమే మానేస్తారు. వాపు పెరిగి, గంట కిందట సరిగ్గా ఉన్న కట్టు ఇప్పుడు రక్తాన్ని ఆపేస్తుండవచ్చు.

ఎత్తు నుంచి పడి తొంటి దగ్గర నొప్పి అంటే కటిని అటూ ఇటూ ఊపి చూడకండి. పొట్ట దగ్గర కాకుండా తొడ ఎముక పైభాగం పొడుచుకొచ్చే మట్టంలో వెడల్పాటి గుడ్డ చుట్టి బిగించండి.

## 7. ఎండదెబ్బ: ముందు చల్లబరచండి, తర్వాతే తరలించండి

ఒళ్లు కాలిపోతూ మనిషి అయోమయంగా మాట్లాడినా, మూర్ఛ వచ్చినా, పడిపోయినా అది ఎండదెబ్బే. చెమట పడుతోంది కాబట్టి కాదని అనుకోకండి. శ్రమ వల్ల వచ్చే ఎండదెబ్బలో చెమట ఉంటుంది. లోపలి ఉష్ణోగ్రత 40 దాటితే మెదడు, కాలేయం దెబ్బతినేది నిమిషాల లెక్కన.

వాగో, చెరువో ఉంటే తల పట్టుకుని మెడదాకా నీళ్లలో ఉంచండి, ప్రవాహం లేని చోట. లేకపోతే బట్టలు తీసి, ఒళ్లంతా తడుపుతూ, ఆపకుండా విసరండి. మనిషి తేరుకుని మామూలుగా మాట్లాడేదాకా, లేదా ఉష్ణోగ్రత 39కి దిగేదాకా. పారాసెటమాల్ ఇక్కడ పనిచేయదు.

దీనికి పూర్తిగా వేరైన సమస్య ఇంకోటుంది: గంటల తరబడి నడుస్తూ మామూలు నీళ్లు మరీ ఎక్కువ తాగడం. తలనొప్పి, వాంతులు, ఉబ్బిన చేతివేళ్లు, అయోమయం, కానీ ఒళ్లు కాలదు. రక్తంలో సోడియం పడిపోయింది. ఇంకా నీళ్లు తాగిస్తే ప్రాణం మీదకు వస్తుంది. మింగగలిగితే చిక్కటి ఉప్పు సూప్ లాంటిది ఇచ్చి తరలించండి.

## 8. ఎత్తు ప్రదేశాల్లో

2,500 మీటర్ల పైన వచ్చే తలనొప్పి, వికారం, నిద్రలేమి, నీరసం ఎత్తు వల్లే అనుకోండి, వేరే కారణం తేలేదాకా. "నిన్న భోజనం పడలేదు" అని సర్దిచెప్పుకుని పైకి వెళ్లేవాళ్లే ఎక్కువగా చిక్కుల్లో పడతారు.

నివారణ: 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకండి. ప్రతి మూడు, నాలుగు రోజులకు ఒక విశ్రాంతి రోజు. డాక్టరు సలహాతో అసిటజోలమైడ్ (ఒళ్లు ఎత్తుకు అలవాటుపడటానికి సాయపడే మాత్ర) 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందురోజు నుంచి.

వచ్చాక: లక్షణాలుంటే పైకి ఒక్క అడుగు వద్దు. విశ్రాంతి తీసుకున్నా ముదురుతుంటే దిగండి.

రెండు ప్రమాద గుర్తులు ప్రతి ఒక్కరికీ తెలిసుండాలి.

మెదడు వాపు. ఒక పాదం మడమ రెండో పాదం బొటనవేలికి తగిలేలా నేల మీద గీత వెంట నడవమనండి. తూలిపోతే, మాట అస్తవ్యస్తంగా ఉంటే వెంటనే దిగాలి. డెక్సామెథాసోన్ 8 మి.గ్రా., తర్వాత ఆరు గంటలకోసారి 4 మి.గ్రా.

ఊపిరితిత్తుల్లో నీరు. కూర్చుని ఉన్నా ఆయాసం, దగ్గు, ముదిరితే గులాబీరంగు నురగ. ఆక్సిజన్ ఇవ్వండి, దించండి. ఆక్సిజన్ లేక, దిగడం ఆలస్యమైతే నిఫెడిపిన్ 30 మి.గ్రా., నెమ్మదిగా విడుదలయ్యే రకం, 12 గంటలకోసారి. రోగి బ్యాగు వేరేవాళ్లు మోయాలి. శ్రమ పెరిగితే జబ్బూ పెరుగుతుంది.

రెండింటికీ 300 నుంచి 1,000 మీటర్లు దిగడమే అసలు మందు. దారి సురక్షితమైతే తెల్లారేదాకా ఆగకండి. రోగిని ఒంటరిగా పంపకండి. ఈ మందుల మోతాదులు బయల్దేరే ముందే మీ డాక్టరుతో మాట్లాడి రాసి పెట్టుకోవాల్సినవి. అక్కడికెళ్లాక ఊహించేవి కావు.

## 9. పాముకాటు, అలర్జీ, పిడుగు, నీట మునక

పాముకాటు. కోయకండి, పీల్చకండి, ఐస్ పెట్టకండి, తాడు బిగించకండి, పామును పట్టే ప్రయత్నం చేయకండి. ఉంగరాలు తీసి, కాటుపడిన భాగాన్ని విరిగిన ఎముకకు కట్టినట్టే కదలకుండా కట్టి, వాపు అంచును పెన్నుతో గీసి పక్కన టైమ్ రాయండి. రోగి నడవకపోతే మంచిది. యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న చోటికి చేర్చడమే చికిత్స. కాలంతా బ్యాండేజీ చుట్టే పద్ధతి కొన్ని రకాల పాములకే సరిపోతుంది, నేర్చుకోనివాళ్లు ప్రయత్నించవద్దు.

తీవ్రమైన అలర్జీ. తేనెటీగ కుట్టాకో, ఏదైనా తిన్నాకో దద్దుర్లతో పాటు ఊపిరాడకపోవడం, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం ఉంటే ఎపినెఫ్రిన్ వెంటనే, తొడ బయటి వైపు మధ్యలో, కండలోకి. పెద్దవాళ్లకు 0.3 నుంచి 0.5 మి.గ్రా. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో మళ్లీ. పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి, ఆయాసపడుతుంటే కూర్చోనివ్వండి. అలర్జీ మాత్ర దీనికి బదులు కాదు. తగ్గినా గంటల తర్వాత తిరగబెట్టవచ్చు కాబట్టి తరలింపు తప్పదు.

పిడుగు. పడినవాళ్ల ఒంట్లో కరెంటు ఉండదు, తాకవచ్చు. చాలామందికి ఒకేసారి తగిలితే, మూలిగేవాళ్లను వదిలి, ఉలుకూ పలుకూ లేనివాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి. గుండె తిరిగి కొట్టుకున్నా ఊపిరి కాసేపు రాకపోవచ్చు. శ్వాస అందిస్తే బతుకుతారు. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆరుబయటికి రావద్దు.

నీట మునిగినవాళ్లు. ముందు శ్వాస ఇవ్వడంతో మొదలుపెట్టి తర్వాత ఛాతీ నొక్కండి. నీళ్లు కక్కించాలని పొట్ట నొక్కకండి.

## 10. ఉండాలా, కదలాలా, పిలవాలా?

వీటిలో ఏ ఒక్కటున్నా రెస్క్యూను పిలవడానికి ఆలోచించకండి:

- తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత, పెరుగుతున్న తలనొప్పి
- టూర్నికేట్ కట్టాల్సి రావడం
- పెరుగుతూ పోతున్న నాడి, ఊపిరి
- ఛాతీ నొప్పి, విశ్రాంతిలో ఆయాసం
- తొడ ఎముక, కటి, వెన్నెముక గాయాలు
- ఎముక బయటికి కనిపించడం
- పాముకాటు, తీవ్రమైన అలర్జీ, వణుకు ఆగిన హైపోథెర్మియా

"మోసుకెళ్దాం" అనేముందు లెక్క చూసుకోండి. స్ట్రెచర్ మోయడానికి ఒకేసారి ఆరుగురు కావాలి, మార్చుకుంటూ వెళ్లడానికి అంతకు రెండు మూడింతల మంది. నలుగురున్న బృందం చీకట్లో రాళ్ల దారిలో మోస్తే రెండో ప్రమాదాన్ని కోరి తెచ్చుకున్నట్టే. చాలాసార్లు గుడారం వేసి, వెచ్చగా ఉంచి, సాయం కోసం ఎదురుచూడటమే సరైన పని. ఎత్తు జబ్బు ఒక్కటే దీనికి పెద్ద మినహాయింపు.

పంపే సందేశంలో ఉండాల్సినవి: ఉన్న చోటు కోఆర్డినేట్లు, ఏం జరిగింది, ఎంతమంది, ప్రస్తుత స్థితి, నాడి, ఊపిరి, చేసిన చికిత్స, వాతావరణం, మీ దగ్గర ఉన్న సామగ్రి. మనుషులను పంపాల్సి వస్తే ఇద్దరిని పంపండి, సందేశం కాగితం మీద రాసివ్వండి.

పరికరాలు పనిచేయకపోతే ఈల లేదా టార్చ్: నిమిషంలో ఆరుసార్లు, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరు. నిమిషానికి మూడు వినిపిస్తే మీ పిలుపు అందినట్టు. హెలికాప్టర్ కనిపిస్తే రెండు చేతులూ వై ఆకారంలో పైకెత్తండి. ఎగిరిపోయేవన్నీ కట్టేయండి. పైలట్ సైగ చేశాకే, ఆయనకు కనిపించేలా ముందు వైపు నుంచి వెళ్లండి. తోక వైపు ఎప్పుడూ వద్దు, వాలు మీదైతే పై వైపు నుంచి దిగి రావద్దు.

## 11. రాత్రంతా రోగితో

సందేశం వెళ్లిపోయాక అసలు పని మొదలవుతుంది. దీన్ని గురించి ఎవరూ అడగరు, కానీ రోగికి గుర్తుండిపోయేది ఇదే.

- నీళ్లు. మెలకువగా ఉండి మింగగలిగితే గుక్క గుక్కగా ఇవ్వండి. ఓఆర్‌ఎస్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి. నీళ్లు మరిగాక ఒక నిమిషం కాచండి. 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు.
- మూత్రం. సిగ్గుపడి ఆపుకుంటారు. మీరే ముందుగా అడగండి, సీసా ఏర్పాటు చేయండి. రంగు, సమయం రాయండి. గంటల తరబడి రాకపోయినా, ముదురు రంగులో ఉన్నా నీళ్లు చాలడం లేదు.
- కదపడం. రెండు గంటలకోసారి బరువు పడే చోటు మార్చండి. మడమల కింద మెత్త పెట్టండి.
- తలకు దెబ్బ తగిలినవాళ్లు. నిద్రపోనివ్వవచ్చు, కానీ మధ్యమధ్య లేపి పేరు, చోటు అడగండి.
- నొప్పి. పారాసెటమాల్ ముందు. రక్తస్రావం, డీహైడ్రేషన్, కడుపులో పుండు, గర్భం ఉంటే ఐబుప్రోఫెన్ వద్దు.
- మాట. ఏం చేస్తున్నారో ముందే చెప్పి చేయండి. "ఏమీ కాదు" అని అబద్ధం చెప్పకండి. "కబురు వెళ్లింది, ఇక్కడే ఉంటాను, గంటకోసారి కాలు చూస్తాను" అని చెప్పండి. భయం తగ్గితే నాడి కూడా తగ్గడం మీ కాగితం మీదే చూస్తారు.

సాయం చేసేవాళ్లు కూడా తినాలి, వంతులవారీగా నిద్రపోవాలి. రెండో రోజు తప్పులు జరిగేది అలసట వల్లే.

రెస్క్యూ బృందం రాగానే రాసేవాళ్లు ఒక్కరే మాట్లాడాలి. టూర్నికేట్ ఉంటే కట్టిన సమయం మొట్టమొదట చెప్పండి. తర్వాత ఏం జరిగింది, ఏం కనిపించింది, ఏం చేశారు, ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, అంకెలు ఎటు పోతున్నాయి. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని, అసలుదాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, చుట్టు విప్పినా ఊడిపోకుండా రోగి మణికట్టుకు కట్టి పంపండి.